ఇంజెక్షన్ వేస్తే తగ్గి మళ్ళీ దగ్గుతున్నాయి, ఇప్పుడు ఒక పంది ముక్కులో రక్తంతో చచ్చిపోయింది

కొత్త పెంపకందారు:

అందరికీ నమస్తే. పందుల పెంపకంలోకి వచ్చి ఇంకా రెండేళ్ళు కూడా కాలేదు, తప్పులుంటే తిట్టండి కానీ దారి చెప్పండి. తల్లిపందులు 20, పాలు మాన్పించిన పిల్లలు, పెరిగేవి అన్నీ కలిపి 180 దాకా ఉన్నాయి. గొడవంతా పెరిగేవాటి షెడ్డులో.

మూడు నెలలుగా దగ్గు. పది వారాల వయసు దాటగానే మొదలవుతోంది. పొడి దగ్గు, కళ్ళె లాంటిదేమీ పడదు. పొద్దున దాణా బకెట్ చప్పుడుకి లేస్తాయి కదా, ఒకటి మొదలుపెడితే దాని వెనక వరసగా అన్నీ అందుకుంటాయి, వీపు వంచి, తల కిందికి పెట్టి ఆరేడు సార్లు ఆపకుండా. తిండి మానలేదు, జ్వరం లేదు. కానీ ఎదుగుదల చూస్తే ఏడుపొస్తోంది, ఒకే ఈత పిల్లల్లో ఒకటి 60 కిలోలుంటే దాని పక్కది 40 దాటలేదు.

అమాక్సిసిలిన్ మూడు రోజులు ఇంజెక్షన్ వేశాను. తగ్గినట్టే తగ్గి వారానికి మళ్ళీ వచ్చింది. ఈసారి అదే మందు ఐదు రోజులు నీళ్ళలో కలిపాను. అదే కథ.

ఇంతవరకైతే ఏదోలా నెట్టుకొచ్చేవాణ్ణి. నిన్న పొద్దున షెడ్డులో అన్నిటికంటే బాగున్న పంది, 70 కిలోలది, రాత్రి శుభ్రంగా తిని పడుకున్నది చచ్చి పడి ఉంది. ముక్కు దగ్గర, నోటి దగ్గర ఎర్రటి నురగ. చెవులు, పొట్ట కింద ఊదారంగు. పక్క గదిలో ఇంకో రెండు కుక్క కూర్చున్నట్టు ముందుకాళ్ళ మీద కూర్చుని నోరు తెరిచి ఊపిరి పీలుస్తున్నాయి, డొక్కలు కొట్టుకుంటున్నాయి. ఒకదానికి జ్వరం చూస్తే 106.

ఇది మూడు నెలల నుంచి ఉన్న దగ్గే ముదిరిందా, లేక వేరే జబ్బా? చచ్చినదాన్ని కోసి చూడొచ్చా? ఇంకో మాట, రెండు నెలల కిందట బయటి నుంచి నాలుగు పడుచు ఆడపందులు కొన్నాను, తెచ్చిన రోజే ఇదే షెడ్డులో చివరి గదిలో పెట్టాను. దానికీ దీనికీ సంబంధం ఉందా?

ఫీల్డ్ డాక్టర్:

ముందు ఆ రెండిటి సంగతి చూడండి, మిగతాది తర్వాత చదవండి. నోరు తెరిచి ఊపిరి పీల్చే పంది దాణా ముట్టదు, నీళ్ళు కూడా సరిగా తాగదు, కాబట్టి దాణాలోనో నీళ్ళలోనో కలిపిన మందు దానికి అందదు. ఇంజెక్షనే దారి. అదీ ఈ రోజే, మీ డాక్టర్‌కి ఫోన్ చేసి. మందుతో పాటు జ్వరానికి, నొప్పికి మెలాక్సికామో కీటోప్రొఫెనో వేస్తే ఊపిరి కొంచెం తేలికపడి మళ్ళీ నీళ్ళ దగ్గరికి వస్తాయి, చాలామంది ఇది వదిలేస్తారు. ఇంజెక్షన్ కోసం వాటిని తరమొద్దు, ఉన్నచోటే మెల్లగా చెవి వెనక మెడ కండలో వెయ్యండి. ఆ ఊపిరితిత్తులతో పరుగెత్తిస్తే మీ చేతుల్లోనే పోతాయి.

కోయడం గురించి. ఒక్కసారి మొత్తం ఫార్మ్ చుట్టి రండి. తల్లిపందులు తింటున్నాయా? చావులు, జ్వరాలు అన్ని వయసుల్లోనూ ఉన్నాయా, ఒళ్ళు ఎర్రబారడం, రక్తపు విరేచనాలు, చూడి పోవడం (ఈసుకుపోవడం) ఏమైనా ఉందా? ఉంటే కత్తి ముట్టుకోకండి, ఏ పందినీ బయటికి పంపకండి, ప్రభుత్వ పశువైద్యశాఖకి చెప్పండి. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్, క్లాసికల్ స్వైన్ ఫీవర్ అలాగే మొదలవుతాయి, అవి వైరస్‌లు, ఏ యాంటీబయాటిక్కీ లొంగవు. నురగ లేకుండా ముక్కు, మలద్వారం నుంచి గడ్డకట్టని నల్లటి రక్తం కారుతున్నా కోయకూడదు, ఆంత్రాక్స్ (దొమ్మ రోగం) అనుమానం ఉంటుంది. అవేవీ లేక, పెరిగేవాటిలోనే ఊపిరి ఇబ్బంది, నురగ రక్తం ఉంటే డాక్టర్ ఎదుట కోసి చూడటమే మంచిది.

కోశాక ఊపిరితిత్తిలో ఎక్కడ చెడింది అన్నది చూడండి, సగం జవాబు అక్కడే దొరుకుతుంది. ముందువైపు, కింద వేలాడే చిన్న తమ్మెలు (ఊపిరితిత్తి భాగాలు) నేరేడుపండు రంగుకి తిరిగి, వేలితో నొక్కితే గాలి బుడగల మెత్తదనం పోయి మాంసం ముక్కలా తగిలితే అది ఎక్కువగా మైకోప్లాస్మా హయోన్యుమోనియే అనే బాక్టీరియా. మీరు చెప్పిన పొడి దగ్గు, జ్వరం లేకపోవడం, ఎగుడుదిగుడు ఎదుగుదల దానికి అచ్చంగా సరిపోతాయి. వెనకవైపు, పైన ఉండే పెద్ద తమ్మెల్లో నల్లటి ఎరుపు గడ్డలు, పైన పొర, పక్కటెముకలకి అతుక్కుపోవడం కనబడితే ఆక్టినోబాసిల్లస్ ప్లూరోన్యుమోనియే అనే ఇంకో బాక్టీరియా, అందరూ ఏపీపీ అంటారు. రాత్రి తిన్నది పొద్దునకి నురగ కక్కి చచ్చిందంటే నాకు మొదట గుర్తొచ్చేది అదే.

అమాక్సిసిలిన్ ఎందుకు నిలవలేదంటారా. పెన్సిలిన్ జాతి మందులన్నీ బాక్టీరియా చుట్టూ ఉండే గోడను కట్టనివ్వకుండా చంపుతాయి. మైకోప్లాస్మాకి ఆ గోడే లేదు. లేని గోడను ఏం కూలుస్తారు? దగ్గు తగ్గినట్టు అనిపించడానికి కారణం, దాని వెనకాలే చేరే పాశ్చురెల్లా లాంటి ఇతర బాక్టీరియాలు ఆ మందుకి తగ్గడం. అసలుది శ్వాసనాళం లోపలి సన్నటి నూగుకి అంటుకుని అలాగే ఉండిపోయింది. ఆ నూగే లోపలికి వచ్చిన దుమ్మునీ క్రిముల్నీ ఊడ్చి పైకి నెట్టేది. అది దెబ్బతిన్నాక తలుపు తీసి పెట్టిన ఇల్లే, ఎవరైనా వస్తారు.

ఇరవై ఏళ్ళ షెడ్డు:

డాక్టర్ గారు మందుల సంగతి చెప్పారు, నేను గాలి సంగతి చెప్తా. తమ్ముడూ, రేపు తెల్లవారుజామున నాలుగింటికి షెడ్డుకి వెళ్ళు. లైటు వెయ్యకు, వాటిని లేపకు. పందులు పడుకున్న గదిలోకి దిగి మోకాళ్ళ మీద కూర్చుని నీ ముక్కు వాటి ముక్కు ఎత్తుకి తెచ్చి ఐదు నిమిషాలు ఉండు. కళ్ళు మండితే, గొంతులో గరగరమంటే, నువ్వు ఐదు నిమిషాలు పీల్చింది అవి పన్నెండు గంటలు పీలుస్తున్నాయని గుర్తుపెట్టుకో. పగలు నిలబడి చూస్తే ఏమీ తెలియదు, అమ్మోనియా కింద, తడి నేల దగ్గరే ఎక్కువ. 10 పీపీఎం (పది లక్షల భాగాల గాలిలో పది భాగాలు) లోపు ఉంటే మంచిది. మన కళ్ళు మండుతున్నాయంటే 20 దాటే ఉంటుంది. రోజూ వెళ్ళేవాడి ముక్కుకి ఆ వాసన అలవాటైపోతుంది, అందుకే షెడ్డుకి ఎప్పుడూ రాని మనిషినొకణ్ణి తీసుకెళ్ళి అడుగు, నిజం చెప్తాడు.

నాకు ఇది ఎలా తెలిసిందంటే, ఒక చలికాలం పిల్లలకి చలేస్తుందని కర్టెన్లు నాలుగు వైపులా నేల నుంచి పైకప్పు దాకా బిగించి కట్టాను. లోపల వెచ్చగా ఉందని మురిసిపోయా. పొద్దున్నే చూస్తే పైకప్పు రేకుల నుంచి చెమట చుక్కలు పడుతున్నాయి, గోడలు తడి, పందుల వీపుల మీద తడి. మూడో వారానికి షెడ్డంతా దగ్గు. మందులకి పెట్టిన డబ్బు లెక్క చెప్పను, పరువు పోతుంది. చివరికి కర్టెన్ పైభాగాన ఒక జానెడు రాత్రంతా తెరిచి ఉంచడం మొదలుపెట్టా, కింద మాత్రం వాటి ఒంటికి గాలి తగలకుండా మూసే ఉంచా. వేడి, తేమ పైనుంచి పోవాలి, చల్లగాలి నేరుగా పడుకున్నవాటి మీద పడకూడదు, అంతే సూత్రం. అగరబత్తి వెలిగించి గది నాలుగు మూలలా పట్టుకుంటే పొగ ఎటు పోతోందో కనబడుతుంది. గడ్డికి దూరంగా పట్టుకో బాబూ.

గదిలో పందులన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కి పడుకుంటే చలి, విడివిడిగా పేడలో పడుకుంటే వేడి. థర్మామీటర్ కంటే అదే నమ్మకం. పగలు వేడి, తెల్లవారుజామున చలి మధ్య తేడా ఎక్కువున్న రోజుల్లో దగ్గు పెరుగుతుంది, గమనించు.

ఇంకొకటి, బయటి నుంచి తెచ్చినవి తెచ్చిన రోజే అదే షెడ్డులో పెట్టావంటే నాకు గుండె జారింది. దాని గురించి డాక్టర్ గారే తిడతారు.

నో టెన్షన్:

ఇంత చర్చ ఎందుకు బ్రదర్. నేను నాలుగేళ్ళ నుంచి దాణాలో రెండు రకాల యాంటీబయాటిక్ ఏడాది పొడుగునా కొద్ది కొద్దిగా కలుపుతున్నా. దగ్గు లేదు, చావు లేదు, టెన్షన్ లేదు. ఇప్పుడు టియాములిన్ తెప్పించి ఒక నెల వేసేయ్, మైకోప్లాస్మా గోలే ఉండదు.

ల్యాబ్ అమ్మాయి:

నో టెన్షన్ గారూ, మీ మాట విని ఎవరైనా ఈ రాత్రికే కలిపేస్తారేమోనని వెంటనే రాస్తున్నా. టియాములిన్ మైకోప్లాస్మాకి పనిచేసే మందే, అందులో తప్పు లేదు. కానీ దాణాలో మొనెన్సిన్, సాలినోమైసిన్, నరాసిన్ లాంటి మందులు ఏవైనా ఉంటే టియాములిన్ వాటితో కలిసి విషమవుతుంది. కండరాలు దెబ్బతిని కాళ్ళు పడిపోతాయి, చచ్చిపోతాయి కూడా. కోళ్ళ దాణాలో ఇవి మామూలుగా వాడతారు, అదే మిల్లులో పందుల దాణా ఆడిస్తే మిగిలిపోయినది కలిసే అవకాశం ఉంది. దాణా సంచి మీది చీటీ చదవకుండా టియాములిన్ ముట్టుకోకండి.

ఏడాది పొడుగునా కొద్ది కొద్దిగా అన్నారే, సరిగ్గా ఆ పద్ధతిలోనే క్రిములు మందుకి అలవాటు పడతాయి. మా దగ్గరికి వచ్చే శాంపిళ్ళలో టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్‌కి లొంగనివి చూసి చూసి విసుగొచ్చింది. మీకు ఇంతవరకు ఏమీ కాలేదంటే ఏపీపీ మీ గేటు దాకా రాలేదని మాత్రమే అర్థం. వచ్చిన రోజు చేతిలో మందు మిగలదు.

ప్రశ్న అడిగిన వారికి. శాంపిల్ పంపేటప్పుడు ఇంకా మందు వేయని, ఇప్పుడిప్పుడే జబ్బు పడిన లేదా అప్పుడే చచ్చిన పందిది పంపండి. మూడు రోజులు ఇంజెక్షన్లు వేసి చచ్చాక తెస్తే క్రిముల్ని పెంచే ప్లేటు మీద ఏమీ మొలవదు, ల్యాబ్ వాళ్ళకి ఏమీ రాదని తిట్టుకుంటారు. చెడిన భాగం, బాగున్న భాగం కలిసే అంచు దగ్గర ముక్క కోసి ఐస్ ప్యాక్ మీద అదే రోజు చేర్చండి, డీప్ ఫ్రీజర్‌లో గడ్డకట్టించకండి. ఏపీపీ బయట ఎక్కువసేపు బతకదు. పైగా చాలా వేషాలు వేస్తుంది, మామూలు రక్తపు ప్లేటు మీద తనంతట తాను పెరగదు. దానికి కావలసిన ఒక పదార్థం స్టఫైలోకాకస్ ఇస్తుందని ప్లేటు మధ్యలో దాన్ని ఒక గీతలా గీస్తాం. మర్నాడు చూస్తే ఆ గీతకి ఆనుకుని రెండు పక్కలా చిన్న చిన్న చుక్కలు మొలిచి ఉంటాయి, దూరంగా ఒక్కటీ ఉండదు. నాకు ఇప్పటికీ చూడముచ్చటగా ఉంటుంది.

మైకోప్లాస్మాని ప్లేటు మీద పెంచడం వారాల పని, అందుకని దానికి పీసీఆర్ (క్రిమి జన్యు పదార్థాన్ని పట్టే పరీక్ష) చేయించండి. పనిలో పని పీఆర్‌ఆర్‌ఎస్, సర్కో, ఫ్లూ వైరస్‌లకి కూడా చూడమనండి. పీఆర్‌ఆర్‌ఎస్ ఊపిరితిత్తుల్లో కాపలా ఉండే కణాల్నే తినేస్తుంది, అది ఉన్న ఫార్మ్‌లో ఏ బాక్టీరియా మందూ సరిగా పనిచేసినట్టు కనబడదు.

కొత్త పెంపకందారు:

ఆలస్యానికి క్షమించండి, పది రోజులు ఊపిరాడలేదు, పందులకీ నాకూ.

తల్లిపందులు బాగానే తింటున్నాయి, చావులు పెరిగేవాటిలోనే. ఆ రెండిటిలో ఒకటి బతికింది. రెండోది ఇంజెక్షన్‌కి డాక్టర్ వచ్చేలోపే పోయింది. దానికి ఏ మందూ పడలేదు కాబట్టి దాన్నే కోశాం. ఛాతీ తెరవగానే ఎర్రటి నీళ్ళు కారాయి. ఎడమ ఊపిరితిత్తి వెనకభాగం పక్కటెముకలకి అతుక్కుపోయి చేత్తో లాగితే చిరిగింది, పైన పసుపు రంగులో మీగడలాంటి పొర. కోస్తే లోపల కాలేయం ముక్కలా నల్లగా, గట్టిగా ఉంది. అదే పందికి ముందు తమ్మెలు నేరేడు రంగులో ఉన్నాయి! అంటే రెండూ ఉన్నాయి. ల్యాబ్ కూడా అదే చెప్పింది, ఏపీపీ మొలిచింది, మైకోప్లాస్మా పీసీఆర్ పాజిటివ్, వైరస్‌లు మూడూ లేవు. ఏపీపీ ఫ్లోర్‌ఫెనికాల్ అనే యాంటీబయాటిక్‌కి లొంగుతోంది, టెట్రాసైక్లిన్‌కి లొంగడం లేదు.

డాక్టర్ ఆ రెండు గదుల్లోవాటికి అన్నిటికీ ఫ్లోర్‌ఫెనికాల్ ఇంజెక్షన్ వేయించారు. రోజుకు రెండుసార్లు తిరిగి, దాణా దగ్గరికి లేవనిదానికి జ్వరం చూసి 104 దాటితే వెంటనే వేస్తున్నాం. ఇంకో మూడు పోయాయి, మొత్తం ఐదు. నాలుగు రోజులుగా చావులు లేవు.

సిగ్గుపడాల్సింది ఒకటి బయటపడింది. నీళ్ళలో మందు ఐదు రోజులు కలిపానన్నాను కదా. పందులు నీళ్ళు తాగే నిపుల్ దగ్గర లీటరు సీసా పట్టి చూస్తే నిండడానికి దాదాపు మూడు నిమిషాలు పట్టింది! పైపులో పాకుడు. చివరి గదిలో నిపుల్ అయితే చుక్కలే. మందు ట్యాంకులోనే ఉండిపోయింది.

తెల్లవారుజామున కూడా వెళ్ళాను అన్నా. ఐదు నిమిషాలు ఉండలేకపోయా.

ఇప్పుడు ఏం చెయ్యాలి? టీకాలు వేస్తే పోతుందా? బతికినవి మిగతావాటికి అంటిస్తాయా?

ఫీల్డ్ డాక్టర్:

పెరిగే పందులకి నిపుల్ నుంచి నిమిషానికి లీటరు రావాలి, పాలు మాన్పించిన పిల్లలకైతే అర లీటరు చాలు. పంది రోజుకి తన బరువులో పదో వంతు నీళ్ళు తాగుతుందన్న లెక్కతో మందు కలుపుతాం, నీళ్ళే రాకపోతే ఆ లెక్కంతా కాగితం మీదే. బరువు కూడా కంటితో చూసి అంచనా వేయకండి, చాలామంది అంచనా తక్కువే ఉంటుంది, డోసు తగ్గిపోతుంది. కాటా లేకపోతే టేపు తీసుకోండి. ముందుకాళ్ళ వెనక ఛాతీ చుట్టుకొలత, రెండు చెవుల మధ్య నుంచి తోక మొదలు దాకా పొడవు, రెండూ మీటర్లలో. చుట్టుకొలతని దానితోనే హెచ్చవేసి, పొడవుతో హెచ్చవేసి, 69.3తో హెచ్చవేస్తే కిలోలు వస్తాయి. చుట్టు 0.95, పొడవు 1 మీటరు అయితే సుమారు 62 కిలోలు.

బతికినవి అంటిస్తాయా అంటే, అవును. ఏపీపీ నుంచి కోలుకున్న పంది గొంతులో, టాన్సిల్స్‌లో క్రిమి నెలల తరబడి దాక్కుంటుంది, మందు అక్కడిదాకా వెళ్ళి పూర్తిగా తుడిచెయ్యదు. మైకోప్లాస్మా కూడా అంతే, అంటుకున్న పంది ఏడు నెలలు కూడా వదులుతూ ఉండొచ్చు. కాబట్టి కోలుకున్నవాటిని చిన్నవాటి గదుల్లో కలపకండి. ఎదగలేదని 40 కిలోలవాటిని ఏరి వెనక బ్యాచ్‌లో వేస్తారు చూశారా, అందరూ చేసే పనే, జబ్బుని చేత్తో ఎత్తుకెళ్ళి చిన్నవాటి మధ్య పెట్టడమే అది.

మీరు అసలు మార్చాల్సింది షెడ్డు నడిపే తీరు. ఇప్పుడు ఒకవైపు పెద్దవి అమ్ముతూ ఇంకోవైపు చిన్నవి నింపుతున్నారు, షెడ్డు ఏనాడూ ఖాళీ అవదు. పెద్దవి దగ్గుతాయి, చిన్నవి పీలుస్తాయి. మధ్యలో పైకప్పు దాకా గోడ కట్టి రెండు భాగాలు చేసుకోండి, ఒక భాగంలోవి ఒకేసారి రావాలి, ఒకేసారి పోవాలి. ఖాళీ అయ్యాక పేడ తీసి, సబ్బునీళ్ళతో కడిగి, ఆరనిచ్చి, అప్పుడు డిస్ఇన్ఫెక్టెంట్ కొట్టి, మళ్ళీ పూర్తిగా ఆరనివ్వండి. పేడ మీద మందు కొట్టడం దండగ. ఈ క్రిములకి ఎండిపోవడమంటే చావు, ఆరబెట్టే రోజులు తగ్గించుకోకండి. ఇరుకు కూడా చూసుకోండి, ఐరోపా నిబంధనల్లో 85 నుంచి 110 కిలోల పందికి కనీసం 0.65 చదరపు మీటర్లు అని ఉంది, అది కనీసం మాత్రమే, గాలి సరిగా ఆడని షెడ్డులో ఇంకా ఎక్కువ ఇవ్వాలి.

టీకాలు. మైకోప్లాస్మాకి మంచి టీకాలున్నాయి, రకాన్ని బట్టి మూడు వారాల వయసులో ఒకే డోసు, లేదా మొదటి వారంలో ఒకటి, మూడో వారంలో ఒకటి. దగ్గు, ఊపిరితిత్తుల డ్యామేజీ తగ్గుతాయి, ఎదుగుదల సమంగా వస్తుంది. క్రిమి అంటుకోవడాన్ని మాత్రం ఆపదు, టీకా వేసినా ఫార్మ్‌లో క్రిమి ఉంటుంది. మీ దగ్గర దగ్గు పది వారాలకి మొదలవుతోంది, కాబట్టి మూడు వారాలకి వేస్తే బలం రావడానికి టైముంది. దగ్గుతున్న పందులకి ఇప్పుడు వేస్తే మాత్రం డబ్బు పోవడం తప్ప ఏమీ ఉండదు. ఏపీపీ టీకా కొంచెం చిక్కు. ఇందులో దాదాపు 19 రకాలున్నాయి, చంపిన క్రిమితో చేసిన టీకా ఏ రకంతో చేస్తే ఆ రకానికే ఎక్కువ పనిచేస్తుంది. క్రిమి వదిలే విషాలు కలిపి చేసినవి కాస్త విస్తారంగా కాపాడతాయి. మీ ల్యాబ్‌ని రకం ఏదో అడగండి, తర్వాతే కొనండి. మామూలుగా రెండు డోసులు, మూడు నాలుగు వారాల తేడాతో, మీకు చావులు మొదలైన వయసుకి ముందే పూర్తయ్యేలా.

ఇక ఆ పడుచు పందులు. ఏపీపీ వాటితోనే వచ్చిందని నేను ఒట్టు పెట్టి చెప్పలేను, కానీ పైకి ఆరోగ్యంగా కనిపించే పంది గొంతులో పెట్టుకుని రావడమే దీనికి మామూలు దారి. ఇకమీద కొంటే, ఇచ్చేవాళ్ళ ఫార్మ్‌లో ఏమున్నాయో అడిగి, ఒకే చోట నుంచి, చిన్న వయసులో కొనండి. వేరే షెడ్డులో కనీసం ఆరు నుంచి ఎనిమిది వారాలు, వేరే బూట్లు, వేరే బకెట్. ఆ టైములోనే టీకాలు. మైకోప్లాస్మా విషయంలో ఇంకో మెలిక ఉంది. తొలి ఈత పంది ఈనేనాటికి క్రిమిని వదలడం ఆపేసి ఉండాలి, లేకపోతే పిల్లలకి పాలతో పాటు అదీ అంటిస్తుంది. అందుకే వాటిని చిన్నప్పుడే ఫార్మ్‌కి అలవాటు చెయ్యాలి, చూడి నిలిచాక తెచ్చుకుంటే ఆలస్యం.

ఈనే గదిలో: ప్రతి పిల్లకీ మొదటి ఆరు గంటల్లో ముర్రుపాలు కడుపునిండా. పిల్లల్ని ఒక తల్లి నుంచి ఇంకో తల్లికి మార్చాలంటే మొదటి 24 గంటల్లోపే, ఆ తర్వాత మార్చొద్దు.

పూర్తిగా వదిలించుకోవాలంటే కుదరదా అంటే, మైకోప్లాస్మాకి కుదురుతుంది, ఖర్చుతో కూడిన పని. స్విట్జర్లాండ్‌లో ఇలాగే చేశారు, పది నెలల లోపు వయసువి ఫార్మ్‌లో ఒక్కటీ లేకుండా పంపేసి, రెండు వారాలు ఈతలు లేకుండా చూసి, పెద్దవాటికి మందు పెట్టారు. మీరు ఇప్పుడే దానికి పోవద్దు, ముందు చావులు ఆపి షెడ్డు సరిచేసుకోండి. అమ్మేముందు ప్రతి మందుకీ లేబుల్ మీద రాసిన, చివరి డోసు తర్వాత అమ్మకుండా ఆగాల్సిన రోజులు దాటాయో లేదో చూసుకోండి, ఏ పందికి ఏ రోజు వేశారో గోడ మీద చాక్‌పీస్‌తోనైనా రాయండి.

ఇరవై ఏళ్ళ షెడ్డు:

డాక్టర్ గారు పెద్దగా తిట్టలేదు, అదృష్టవంతుడివి. నాదొక చిన్న మాట, దగ్గన్నదల్లా క్రిమి కాదు. ఒకసారి నేను రెండు కోర్సులు యాంటీబయాటిక్ వేయించాక కోతకి పోయినవాటి కాలేయాలు చూస్తే పాలు చిలకరించినట్టు తెల్లటి మచ్చలు. ఏలికపాముల పిల్లలు కాలేయం మీదుగా ఊపిరితిత్తుల్లోకి వెళ్ళేటప్పుడు దగ్గు వస్తుందట, నట్టల మందుకి తగ్గింది. నువ్వు పందులు అమ్మినప్పుడు వీలైతే కోసే చోటికి వెళ్ళి ఊపిరితిత్తులు, కాలేయాలు ఓ పాతిక చూసి రా. అంత చదువు ఏ కాలేజీలోనూ చెప్పరు.

పాలపిల్లలు:

మధ్యలో దూరుతున్నా, క్షమించండి. మాకు దగ్గు తక్కువ, కానీ ఐదారు వారాల పిల్లల్లో కీళ్ళు వాచి కుంటుతున్నాయి, జ్వరం, కొన్ని పక్కకి పడి కాళ్ళు ఈత కొట్టినట్టు ఆడిస్తున్నాయి. ఇదీ ఏపీపీయేనా?

ల్యాబ్ అమ్మాయి:

ఆ వయసు, కీళ్ళు, మెదడు లక్షణాలు అంటే గ్లాసర్స్ జబ్బు, లేదా స్ట్రెప్టోకాకస్ సూయిస్. గ్లాసర్స్ తెచ్చే గ్లాసరెల్లా పారాసూయిస్ అయితే కోసినప్పుడు గుండె, పేగులు, ఊపిరితిత్తులు అన్నిటి మీదా తెల్లటి దారాల పొర ఉంటుంది. రెండిటికీ మామూలుగా పెన్సిలిన్ జాతి మందులు పనిచేస్తాయి, కానీ మొదటి గంటల్లోనే వెయ్యాలి, కాళ్ళు ఆడించేదాకా ఆగితే కష్టం. కీలు నీళ్ళు, పొర మీద స్వాబ్ పంపండి. ఒక్కటి మర్చిపోవద్దు, స్ట్రెప్టోకాకస్ సూయిస్ మనుషులకి వస్తుంది, మెదడువాపు వచ్చి చెవుడు మిగిల్చిన కేసులున్నాయి. చేతికి గాయం ఉంటే కోయొద్దు, లేకపోయినా గ్లవ్స్ లేకుండా కోయొద్దు. వివరంగా వేరే పోస్ట్ పెట్టండి, ఇక్కడ కలిసిపోతుంది.

కొత్త పెంపకందారు:

మూడు నెలల తర్వాత వస్తున్నా. గోడ కట్టించాను. పైపులు మార్చాను, ఇప్పుడు సీసా 55 సెకన్లలో నిండుతోంది. మైకోప్లాస్మా టీకా పడిన మొదటి బ్యాచ్ ఇప్పుడు పద్నాలుగు వారాలకి వచ్చింది, కడిగి ఆరబెట్టిన వైపు ఉన్నాయి. మా డాక్టర్ నేర్పినట్టు పొద్దున అన్నిటినీ లేపి, ఒక నిమిషం సర్దుకోనిచ్చి, మూడు నిమిషాలు ఎన్ని దగ్గుతున్నాయో లెక్కపెడుతున్నా. పాత బ్యాచ్‌లో 44లో 17 దగ్గేవి. ఈ బ్యాచ్‌లో 42లో 3. పాత వైపు ఇంకా దగ్గుతున్నాయి, అవి అమ్ముడుపోయాక ఆ వైపూ ఖాళీ చేస్తా. ఏపీపీ చావు మధ్యలో ఒకటి జరిగింది, వర్షం పడి చల్లబడిన రాత్రి.

ఇరవై ఏళ్ళ షెడ్డు:

ఆ రాత్రి కర్టెన్ పూర్తిగా మూశావా?

కొత్త పెంపకందారు:

నేను లేను అన్నా. పనివాడు మూశాడు. ఇప్పుడు పై జానెడు మూయడానికి వీల్లేకుండా తాడే తీసేశాను.